లోపలే ఉన్నాను

గాలికాలం, 3వ రోజు

లెక్క తేలింది. తెల్లగట్టులో గోడలకున్న పలకలన్నిటిలో కలిపి పంతొమ్మిది రకాల బటన్లున్నాయి. వంటశాల పలకలో "సరే" పచ్చగా, కుడివైపు ఉంటుంది. ఆసుపత్రి పలకలో అదే "సరే" ఎర్రగా, ఎడమవైపు. నీళ్ళ పలకలో అయితే "సరే" అన్నదే లేదు, "అవును" ఉంది, దాన్ని రెండుసార్లు నొక్కితేగాని కదలదు. ఎవరి పలకకి ప్రోగ్రాం వాళ్ళే రాసుకున్నారు. రాసినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. ఎక్కడ ఏది చెడినా పరిగెత్తేది నేను, తిట్లు తినేదీ నేనే.

అందుకే ఊరి పెద్ద తాయారమ్మగారి దగ్గరికెళ్ళి చెప్పాను. ఒక్క బటన్, ఒక్క జాబితా, ఒక్క మనిషి కార్డు, ఇలా ఒక్కో భాగాన్ని ఒక్కసారే శుభ్రంగా రాసి ఒకచోట పెడతాను, ఏ పలకకి ఏది కావాలంటే అది అక్కణ్ణుంచి తీసుకుంటుంది, ఒకచోట దిద్దితే ఊరంతా దిద్దుకుంటుంది అని. పాతవాళ్ళు దీన్ని కాంపొనెంట్ లైబ్రరీ అనేవాళ్ళు. నేను అల్మరా అంటున్నాను, ఆవిడకి అర్థం కావాలిగా.

"ఒకచోట తప్పు చేస్తేనో?" అంది తాయారమ్మగారు.

"నేను తప్పు చేయనండి" అన్నాను. నవ్వి ఊరుకుంది.

గాలికాలం, 5వ రోజు

అల్మరా మొదలుపెట్టాను. రంగులు ఆరు చాలు, అక్షరాలు రెండు సైజులు చాలు. సాయంత్రానికి బటన్ అయిపోయింది. ఇన్నేళ్ళలో ఇంత అందమైన బటన్ ఈ ఊరు చూడలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మధ్యాహ్నం గేటు పలక చూడటానికి వెళ్ళాను. గాలికాలంలో రెండు దాటితే ఉప్పుగాలి లేస్తుంది. ఆ గాలిలో కళ్ళు తెరవలేం, ఎక్కువసేపు పీలిస్తే ఊపిరితిత్తులు పుండవుతాయి. పొగమంచు నీళ్ళు పట్టే వలలన్నీ గోడ బయట, ఎండిపోయిన సముద్రం మీద ఉన్నాయి. పొద్దున వెళ్ళేవాళ్ళని ఎవరూ రాసుకోరు. మా ఊళ్ళో చూసేదంతా వచ్చారా లేదా అన్నదే. రెండింటికి గేటు మూసేముందు గేటు కాపలా బుల్లెబ్బాయి మావయ్య మైకులో ఒక్కొక్క పేరూ పిలుస్తాడు. ఎవరింట్లోంచి వాళ్ళు పలుకుతారు. పలికాక ఆయన ఇంకో ప్రశ్న వేస్తాడు.

"ఏం తిన్నావు?"

రెండొందల పైచిలుకు పేర్లు. నలభై నిమిషాలు పడుతోంది. గాలికి మొదటి ఉప్పు రవ్వలు గేటు రేకుల మీద టపటపలాడుతున్నా ఆయన ఇంకా ఎవరో గుగ్గిళ్ళు తిన్న కథ వింటున్నాడు.

"మావయ్యా, పలికితే సరిపోదా? తిండి సంగతి మీకెందుకు?"

"పేరు పిలిస్తే పక్కవాడైనా పలుకుతాడమ్మాయ్. వెనకటికి వలల దగ్గర నిద్రపోయిన బావ బదులు బామ్మర్ది పలికాడు. మర్నాడు బావని మోసుకొచ్చాం. వంటశాలలో ఏ రోజుకారోజు ఏం వండారో ఆ మధ్యాహ్నం ఊళ్ళో ఉన్నోళ్ళకే తెలుస్తుంది. అందుకని అడుగుతా."

"ఆ బామ్మర్దికీ తెలుసుగా, వాడూ ఊళ్ళోనే తిన్నాడు."

"ఒక్క మాటతో అబద్ధం ఆడటం తేలికమ్మా. రెండో మాటకి గొంతు తడబడుద్ది" అన్నాడాయన.

నాకు నచ్చలేదు. అది తేల్చుకునేది చెవి, పలక కాదు.

గాలికాలం, 8వ రోజు

మనిషి కార్డు తయారైంది. అల్మరాలో ఇదే అన్నిటికంటే పెద్ద భాగం. పేరు, ఫొటో, ఉన్నాడా లేడా, ఆయన గొంతు. గేటు దగ్గర బుల్లెబ్బాయి మావయ్య ఒక్క బటన్ నొక్కితే అన్ని ఇళ్ళ పలకలూ ఒకేసారి పిలుస్తాయి, ఆయన ఆపేదాకా నిమిషానికోసారి పిలుస్తూనే ఉంటాయి. ఇంట్లో ఉన్నవాళ్ళు తమ పలక ముందుకొచ్చి పలికితే గేటు దగ్గరి బోర్డు మీద వాళ్ళ కార్డు పచ్చబడుతుంది.

కార్డు ఎలా ఉందో చూసుకోవడానికి నమూనాల పేజీ ఒకటి పెట్టుకున్నాను. అక్కడ ఏ భాగాన్నయినా విడిగా నిలబెట్టి చూడొచ్చు. కార్డులో ఎవరో ఒకళ్ళ గొంతు ఉండాలిగా, నాదే పెట్టాను. గదిలో ఒంటరిగా నిలబడి గోడకి చెప్పాను, "లోపలే ఉన్నాను." చెప్పాక నాకే నవ్వొచ్చింది, ఆ చిన్న నవ్వు కూడా చివర్లో పడిపోయింది. మళ్ళీ చెప్పడానికి బద్ధకమేసి అలాగే ఉంచాను.

బుల్లెబ్బాయి మావయ్య కోసమని "ఏం తిన్నావు" అనే రెండో బటన్ కూడా చేశాను. దానికి నమూనా జవాబు కావాలి. నోటికి మొదట ఏమొస్తే అది చెప్పాను. "చింతచిగురు పప్పు." తెల్లగట్టుకి వచ్చి పదకొండేళ్ళయింది, ఈ ఉప్పునేల మీద చింతచెట్టు ఎక్కడిది? చెప్పాక నోరూరింది, ఆ తర్వాత కాసేపు దిగులేసింది. చివరికి ఆ బటన్ అనవసరమనిపించి దాచేశాను, నమూనా జవాబు మాత్రం కార్డులోనే ఉండిపోయింది.

ఉప్పు తిన్న తీగల వల్ల ఒక్కోసారి ఇంటి నుంచి జవాబు రాదు. అప్పుడు కార్డు ఖాళీగా, వంకరగా కనబడుతోంది. చూడలేక, మూడు సెకన్లలో జవాబు రాకపోతే ఆ ఇంటి పలకలోనూ గేటు దగ్గరా నమూనా గొంతు వినబడి, నమూనా పచ్చరంగు కనబడేలా కార్డు లోపలే రాసేశాను. ఊళ్ళో పెట్టేముందు తీసేయాలి.

గాలికాలం, 12వ రోజు

పెట్టేశాం. పలకలన్నీ అల్మరా నుంచే తీసుకుంటున్నాయి. ఊరంతా ఒకే పచ్చ, ఒకే "సరే". పిలుపు నలభై నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకి దిగింది. ఒక్కసారిగా రెండొందల గొంతులు గేటు పలకలోంచి కలగలిసి లేచాయి, బోర్డు మొత్తం పచ్చబడింది, ఒక్క కార్డు కూడా వంకరగా లేదు. తాయారమ్మగారు నా భుజం తట్టింది.

బుల్లెబ్బాయి మావయ్య మాత్రం మైకు తుడిచి గుడ్డలో చుట్టి లోపల పెట్టుకున్నాడు. ఆయన మొహం చూసి నాకు కాస్త కష్టంగా అనిపించిన మాట నిజం.

గాలికాలం, 15వ రోజు

పడమటి వీధిలో నాకు నాలుగిళ్ళ అవతల రాహేలు ఉంటుంది. వాళ్ళాయన ఇర్మియా వలల పని చేస్తాడు. వంటశాలలో వరసలో నిలబడ్డప్పుడు అడిగింది.

"నిన్న మధ్యాహ్నం మా ఇంటికొచ్చావా?"

"లేదే."

"పెరట్లో బట్టలు ఆరేస్తున్నా. లోపల నీ గొంతు వినిపించింది. నవ్వావు కూడా. వచ్చి చూస్తే ఎవరూ లేరు."

"ఎండకి నీ బుర్ర వేడెక్కింది" అన్నాను. తనూ నవ్వేసింది.

గాలికాలం, 17వ రోజు

బుల్లెబ్బాయి మావయ్య కబురు పెట్టాడు. వెళ్తే కుర్చీ చూపించాడు, కూర్చోమని కూడా అనలేదు. బోర్డు మీద ఒక్కో కార్డునీ విడివిడిగా నొక్కి వినిపించాడు.

"కనకలింగం" అన్న పేరు నొక్కాడు.

"లోపలే ఉన్నాను." నా గొంతు. చివర్లో నవ్వు.

కనకలింగంగారు కిందటేడు జ్వరాలకి పోయారు. ఆయనతో కలిపి ఆ ఏడు తొమ్మిదిమంది పోయారు. ఇళ్ళు తాళాలేసున్నాయి, పేర్లు ఇంకా తీయలేదు. బుల్లెబ్బాయి మావయ్య తొమ్మిది పేర్లూ వరసగా నొక్కాడు. తొమ్మిదిసార్లూ నేనే పలికాను, తొమ్మిదిసార్లూ నవ్వాను.

"చచ్చిపోయినోళ్ళు కూడా లోపలే ఉన్నారమ్మాయ్" అన్నాడాయన మెల్లగా. "నీ గొంతుతో."

కారణం అప్పుడే తెలిసింది, నమూనా తీయడం మర్చిపోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. రాహేలు ఇంట్లోదీ అదే అయుంటుంది, తను పెరట్లోంచి పలకడానికి రాలేదు కదా. ఆ తొమ్మిది పేర్లూ అప్పటికప్పుడు తీసేసి, బోర్డు సరిపోయిందని చెప్పాను. కార్డు లోపల రాసింది మాత్రం తీయలేదు. అది తీస్తే వంకర కార్డులు మళ్ళీ వస్తాయి, వాటికి వేరే ఉపాయం ఆలోచించాలి, రెండు మూడు రోజులు పడుతుంది. బతికున్నవాళ్ళు ఎలాగూ తమ గొంతుతోనే పలుకుతారు కదా అనుకున్నాను.

అక్షరాలా అలాగే అనుకున్నాను. రాసి ఉంచుతున్నాను, తర్వాత నేను మాట మార్చకుండా.

గాలికాలం, 21వ రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇవాళ రెండింటికి బోర్డు మొత్తం పచ్చగా ఉంది. గేటు మూశారు. ఇర్మియా బయటే ఉన్నాడు. వల చిరిగి, కుట్టుకుని వచ్చేసరికి అయిదు నిమిషాలు ఆలస్యమైంది. గేటు కొట్టాడు. గాలికి రేకులన్నీ మోగుతుంటే ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది?

రాహేలు వంటశాల నుంచి ఇంటికి వెళ్ళింది. మొగుడి గిన్నె మూత తీయకుండా ఉంది. పలక మాత్రం మళ్ళీ మళ్ళీ, ఖాళీ గదికి చెప్తోంది, "లోపలే ఉన్నాను." గేటు దాకా చెప్పుల్లేకుండా పరిగెత్తింది. గేటు తీసేసరికి ఇరవై నిమిషాలయింది.

ఊపిరి పరవాలేదన్నారు. కళ్ళకి కట్లు కట్టారు. ఎడమకన్ను సంగతి వారం దాటితేగాని చెప్పలేమన్నారు.

ఆసుపత్రి వరండాలో రాహేలు నన్ను చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నా మొగుడి బదులు నువ్వు పలికావు" అంది. "ఆయన గేటు కొట్టుకుంటుంటే, నువ్వు నా ఇంట్లో నవ్వుతున్నావు."

ఇర్మియా కట్ల వెనక నుంచి, "వల్లక్కా, నువ్వు కావాలని చేశావా ఏంటి" అన్నాడు. ఆ మాట ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

గాలికాలం, 22వ రోజు

రాత్రికి రాత్రి అల్మరా కొత్త ప్రతి రాశాను. జవాబు రాకపోతే ఇక నమూనా లేదు. కార్డు ఎర్రగా, వంకరగా, వికారంగా కనబడుతుంది. కనబడనీ. ఒక్క కార్డు ఎర్రగా ఉన్నా గేటు మూతపడదు.

పొద్దున్నే బుల్లెబ్బాయి మావయ్య దగ్గరికెళ్ళాను. "రెండో బటన్ పెట్టమంటారా?" అన్నాను. "ఒక్కొక్క పేరే పిలుస్తాను, నాలుగు నిమిషాలు నాకొద్దు" అన్నాడు. దాచిన బటన్ బయటికి తీశాను. ఆయన మైకు గుడ్డ విప్పాడు.

ఊళ్ళో పలకలన్నీ కొత్త ప్రతి తీసుకున్నాయి. పడమటి వీధి తప్ప. ఆ ముప్ఫయ్యొక్క ఇళ్ళ తీగలు గోడ బయట, పడమటి వలల దగ్గరున్న ఇనప పెట్టెలోంచి వస్తాయి. తీగని ఉప్పు తినేసింది, ఇక్కణ్ణుంచి కొత్త ప్రతి అక్కడికి వెళ్ళడం లేదు. గొంతులు మాత్రం ఎలాగో వస్తున్నాయి. పెట్టె దగ్గరికెళ్ళి చేత్తో ఎక్కించాల్సిందే. మా ఇల్లూ ఆ వీధిలోనే ఉంది.

వీధంతా తిరిగి, ఎవరింట్లో ఎవరు బయటికి వెళ్తున్నా పక్కింటికి చెప్పి వెళ్ళమన్నాను. "పడమటి వీధిలో నా గొంతు వినబడితే నమ్మొద్దు మావయ్యా, ఆ ఇల్లు ఖాళీ అని లెక్క" అని ఆయనకీ చెప్పాను. తలూపాడు. రాహేలు తలుపు తీయలేదు.

గాలికాలం, 23వ రోజు

ఇది చేతిపలక మీద రాస్తున్నాను, పడమటి వలల దగ్గర రాతిగూట్లోంచి. ఇద్దరు ఒదిగి కూర్చునేంత గూడు. నీళ్ళు ఒక సీసా.

పొద్దున్న తొమ్మిదింటికి బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు. ఊరందరికీ పక్కింట్లో చెప్పి వెళ్ళమని దండోరా వేసినదాన్ని నేనే. పన్నెండింటికల్లా వచ్చేస్తాననుకున్నాను, పైగా నా పక్కింటివాళ్ళ మొహం చూసే ధైర్యం లేకపోయింది. పెట్టె మూతకి ఉప్పు పేరుకుపోయి తాళంచెవి తిరగలేదు. గీకి గీకి గోళ్ళు విరిగాయి. పన్నెండున్నరకి పడమట ఆకాశం తెల్లబడింది. గాలి ఇవాళ గంటన్నర ముందే వచ్చేసింది. పెట్టె తెరుచుకోలేదు.

ఊరు కిలోమీటరున్నర దూరం. గూటి సందులోంచి చూస్తే నా చెయ్యే నాకు కనబడదు. గాలి మొదలైతే ఒక్కోసారి రెండు రోజులు ఆగదు. దారి వెంట కట్టిన తాడు పట్టుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి కొమ్ము ఊదుకుంటూ వస్తే తప్ప ఒక్కళ్ళు నడవలేరు. అలా రావాలంటే నేను బయట ఉన్నట్టు ఎవరికైనా తెలియాలి. చెవిలో పెట్టుకునే పరికరంలో గేటు మాటలు నాకు వినిపిస్తాయి. నా మాటలు గానీ చేతిపలక మీద రాత గానీ అటు వెళ్ళవు.

ఒంటిగంట అవుతోంది. గాలి ముందొచ్చిందని పిలుపు కూడా ముందే మొదలుపెట్టారు. చెవిలో బుల్లెబ్బాయి మావయ్య గొంతు. ప్రాణం లేచొచ్చింది. నా కార్డు ఎర్రగా పడుతుంది, గేటు మూయరు, వెతుక్కుంటూ వస్తారు అనుకున్నాను.

అప్పుడు తట్టింది.

మా ఇల్లు పడమటి వీధిలో ఉంది. నేను బాగుచేయడానికొచ్చిన పెట్టె పాత ప్రతితోనే ఉంది. నా గొంతు వినబడితే ఆ ఇల్లు ఖాళీ అని ఆయనకి నేనే చెప్పాను. ముప్ఫై ఇళ్ళకి ఆ మాట పనికొస్తుంది. ముప్ఫయ్యొకటో ఇల్లు నాది. అక్కడ నా గొంతు వినబడటంలో వింతేముంది?

గూటి గోడకి ఆనుకుని వింటున్నాను.

తూర్పు వీధి అయిపోయింది. పడమటి వీధి.

"దానియేలు. ఏం తిన్నావు?"

"ఉలవచారు మావయ్యా. నీళ్ళెక్కువ, ఉలవలు తక్కువ."

"కోటమ్మా. ఏం తిన్నావమ్మా?"

"ఉలవచారే. నంజుకోను ఊరగాయ ముక్క కూడా ఇయ్యలేదు."

"ఇర్మియా."

"నేనేనండి, రాహేలుని. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, నేను ఇంట్లో ఉన్నా. ఉలవచారు." తన గొంతు ఎండిపోయి ఉంది.

ఇవాళ ఉలవచారన్నమాట. నాకు తెలియదు. నేను తినలేదుగా.

ఇంకో ముగ్గురు. ఆ తర్వాత నా పేరు.

"వల్లీ."

ఒకటి. రెండు. మూడు.

"లోపలే ఉన్నాను."

ఎంత కులాసాగా ఉందో ఆ గొంతు. బాగా నిద్రపోయి లేచినట్టుంది, ఏ కష్టమూ లేనట్టుంది. చివర్లో ఆ నవ్వు. నా గొంతంటే నాకు ఇంత భయం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నా ఇంట్లో, నా దీపం కింద, నా బదులు అది ఉంది. దాని మాట వింటే నేనైనా నమ్ముతాను. "మావయ్యా, అది నేను కాదు" అని అరిచాను. నోటినిండా ఉప్పు పడింది.

చెవిలో పచ్చకార్డు పడిన చిన్న గంట మోగింది. అంతా సవ్యంగా ఉందని చెప్పే ఆ గంట కూడా నేను చేసిందే. ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తర్వాతి పేరు కోసం కాగితం తిప్పిన చప్పుడు. ఆ తర్వాత, ఇన్నేళ్ళ అలవాటు కాబట్టి,

"ఏం తిన్నావమ్మా?"

ఒకటి. రెండు. మూడు.

"చింతచిగురు పప్పు."

ఏమీ వినిపించలేదు. గాలి ఒక్కటే.

"వల్లీ," అన్నాడాయన మళ్ళీ, చాలా నెమ్మదిగా. "ఏం తిన్నావు?"

"చింతచిగురు పప్పు." అదే తియ్యదనం, అక్షరం తేడా లేకుండా.

మైకు బల్ల మీద పడిన చప్పుడు. దూరం నుంచి ఆయన ఎవరినో కేకేస్తున్నాడు, తాడు అంటున్నాడు, కొమ్ములు అంటున్నాడు, "పిల్ల బయటుందిరా" అంటున్నాడు. కాసేపటికి ఎవరో ఆడమనిషి చెప్పుల్లేని కాళ్ళతో పరిగెత్తుతున్న చప్పుడు, "పెట్టె దగ్గరికెళ్ళుంటది, పడమటి పెట్టె దగ్గరికి" అంటున్న గొంతు. అది రాహేలు గొంతు.

బోర్డు ముందు ఇప్పుడు ఎవరూ లేనట్టున్నారు. పలక తనంతట తనే పిలుస్తోంది. ప్రతిసారీ నా ఇల్లు పలుకుతోంది, లోపలే ఉన్నాను అని. చెవిలోంచి ఆ పరికరం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

గాలిలో ఎక్కడో, ఇంకా చాలా దూరంలో, కొమ్ము కూసింది. గూటి సందుకి నోరు ఆనించి, వాళ్ళకి వినబడదని తెలిసి కూడా, అడిగినదానికి జవాబు చెప్పాను.

"ఏమీ తినలేదు మావయ్యా."